మా పెరట్లో గడ్డిమనిషి

పోయిన ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అబ్బాయి టీవీ పెట్టుకుని కూర్చుంటే, నేనూ వక్కపలుకు నోట్లో వేసుకుని పక్కన చేరాను. వాడికి ఆటోనగర్లో లారీల షెడ్డు ఉంది. వారం మొత్తం మీద ఆ ఒక్కపూటే ఇంట్లో కుదురుగా కూర్చునే యోగం, ఆ ఒక్కపూటా యుద్ధాల మీద వాదోపవాదాలు చూడటం వాడికి సరదా. ఆ రోజు కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులిద్దరు ఒకరి మాట ఒకరిని చెప్పనివ్వకుండా అరుచుకుంటున్నారు. సంగతేమిటయ్యా అంటే, తుపాకీ చివర బిగించే కత్తి ఉంది చూడండి, బాయ్‌నెట్టు, అది ఈ కాలపు యుద్ధాలకి పనికొస్తుందా, లేక పెరేడుల్లో తళతళలాడించుకోవడానికేనా అని. మనిషి లేని విమానాలు వచ్చి బాంబులేసి పోతుంటే ఇంకా కత్తులేమిటండీ అంటాడు ఒకాయన. గుళ్ళు అయిపోయి మనిషికి మనిషి ఎదురుపడ్డనాడు కాపాడేది అదేనంటాడు రెండో ఆయన. మా అబ్బాయి నవ్వుతూ నా వంక తిరిగి, నీ ఓటు ఎవరికే అమ్మా అన్నాడు. నా మొహం, నాకేం తెలుసురా అని లేచి వచ్చేశాను గానీ, ఏమిటోనండీ, ఆ పూట నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

నాకు తెలుసు. అదే నా బాధ. ఎనభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇన్నేళ్ళలో కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. నా ఈడువాళ్ళు ఎవరైనా ఇది చదువుతారనీ, చదివి నన్ను తిట్టుకోరనీ ఆశపడి, ఇవాళ కాగితం మీద పెడుతున్నాను.

యుద్ధం రోజులు మీకు చెప్పక్కర్లేదు, మీరూ పడ్డవాళ్ళే. కిరసనాయిలుకి క్యూ, బియ్యానికి క్యూ, విశాఖ మీద బాంబులు పడ్డాయని తెలిసి బెజవాడలో సగం మంది పెట్టెలు సర్దుకుని పల్లెలకి పరుగెత్తడం, మళ్ళీ నెల తిరక్కుండా ఆ పెట్టెలతోనే వెనక్కి రావడం. మాది బెజవాడకి దగ్గర్లోనే నేతపని వాళ్ళ వీధి. వీధి ఆ చివర నుంచి ఈ చివరకి ఇంటికో మగ్గం ఉండేది, తెల్లారేసరికి టకటకమని మొదలయ్యేవి. నాన్న, అమ్మ, అన్నయ్య, నేను. నాకప్పుడు పద్నాలుగేళ్ళు, కండెలకి నూలు చుట్టడం నా వంతు. అన్నయ్యకి ఇరవై రెండు. వాడి నేత ఎలా ఉండేదంటే, చీర మడత విప్పితే నీళ్ళు జారినట్టు జారేది. చెల్లెల్ని గనక చెబుతున్నానని అనుకోకండి, వీధిలో వీధే ఒప్పుకున్న మాట అది.

అలాంటి మగ్గాలు ఆగిపోయాయి. నూలు దొరకలేదు. నూలంతా మిలిటరీ గుడ్డలకే పోతోందన్నారు, నల్లబజారులో ఉందన్నారు, ఏదైతేనేం, మా ఇంట్లో మగ్గం గుంటలో పిల్లి ఈనింది. మూడు నెలలు చూసి చూసి, ఒకరోజు అన్నయ్య ఎవరికీ చెప్పకుండా బెజవాడ వెళ్ళి పటాలంలో పేరిచ్చి వచ్చాడు. నాన్న రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. అమ్మ మాత్రం, నూలు లేని ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు పాపం అంది గానీ, ఆ మాటంటూనే కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మైలవరం వెళ్ళే దారిలో కొండల కింద అప్పట్లో కొన్నాళ్ళు డేరాలు వేసి కొత్తవాళ్ళకి కవాతు నేర్పారు. మా అదృష్టమో దురదృష్టమో, వాణ్ణి మొదట అక్కడే పెట్టారు. ఇంకో విచిత్రం చూడండి. ఆ క్యాంపుకి గోనెసంచులూ తాళ్ళూ సరఫరా చేసే కంట్రాక్టరు గారు మా వీధికొచ్చి, ఖాళీగా ఉన్న చేతులేమైనా ఉన్నాయా అని అడిగారు. గోనెసంచిలో వరిగడ్డి కూరి, లోపల గడ్డితాడు మెలిపెట్టి గట్టిగా చుట్టి, పైన చిన్న సంచితో తలకాయ చేసి, దబ్బనంతో కుట్టేయాలి. గొంతు దగ్గర, రొమ్ము దగ్గర, పొట్ట దగ్గర బొగ్గుతో గుండ్రాలు గియ్యాలి. కొత్త సిపాయిలు తుపాకీ చివర కత్తి బిగించి, పరుగెత్తుకొచ్చి ఆ గుండ్రాల్లో పొడవాలి. చినిగినవి వారం వారం బండి మీద మా ఇళ్ళకి తిరిగొస్తాయి, మళ్ళీ కూరి, మళ్ళీ కుట్టి పంపాలి. గడ్డికి మన డెల్టాలో కరువా, చేతులకి మా వీధిలో కరువా, అందరం ఒప్పుకున్నాం.

నాన్న మాత్రం ఆ గడ్డిమనుషుల్ని చూసి ఒకటే నవ్వు. అవతలవాడు ఆకాశంలోంచి బాంబులు పడేస్తుంటే వీళ్ళు కత్తులతో గడ్డి పొడుస్తారటండీ, చోద్యం కాకపోతే అని కంట్రాక్టరు గారితో వాదం వేసుకునేవాడు. కంట్రాక్టరు గారు, అట్లా తీసిపారెయ్యకండి, అడవుల్లో యుద్ధం ఎట్లా ఉంటుందో మనకేం తెలుసు అనేవారు. అరుగు మీద వాళ్ళిద్దరూ ఆ చర్చలో ఉంటే, లోపల అమ్మా నేనూ దబ్బనాలతో కుడుతూ వినేవాళ్ళం.

తప్పు నేను చేశాను. మా నేతవాళ్ళలో ఒక అలవాటు ఉంది. చీర నేసి కోసేముందు, చివర ఎవరి గుర్తు వాళ్ళం రెండు మూడు రంగు పోగులతో వేస్తాం, షావుకారు దగ్గర గుట్టలో కలిసినా ఎవరి నేతో తెలిసేటట్టు. అన్నయ్య గుర్తు రెండు ఎర్ర పోగులు, మధ్యన ఒక పసుపు. వాణ్ణి చూసి నెల దాటింది, ఉత్తరం రాయడానికి నాకు సరిగా అక్షరాలు రావు. ఈ సంచులు మన ఇంట్లోంచే వస్తున్నాయి అన్నయ్యా, మేమిక్కడే ఉన్నాం అని వాడికి తెలియాలని, మిగిలిన ముక్క దారాలతో నాలుగు సంచులకి సరిగ్గా రొమ్ము మీద గుండ్రంలో వాడి గుర్తు కుట్టి పంపాను. ఎంత మురిసిపోయానో ఆ రోజు, చెబితే సిగ్గేస్తుంది.

వారం తిరిగేసరికి కంట్రాక్టరు గారు అందులో ఒక సంచిని మోసుకొచ్చి మా పెరట్లో పడేశారు. మిగతావన్నీ చీలికలు పేలికలుగా ఉంటే, దానికి ఒక్క చిల్లు లేదు. జరిగిందేమిటంటే, మావాడు పరుగెత్తుకుంటూ వచ్చి, ఆ గుర్తు చూసి ఆగిపోయాడట. హవల్దారు అరిచాడట, మావాడు కదల్లేదట. ఎందుకు పొడవ్వురా అంటే, ఇది మా ఇంట్లోదండీ అన్నాడట. అందరూ ఘొల్లుమన్నారట. తుపాకీ రెండు చేతులతో నెత్తి మీద పట్టించి, మిట్టమధ్యాహ్నం ఎండలో పడిపోయేదాకా మైదానం చుట్టూ తిప్పారట. మర్నాడు గుర్తు లేని సంచి పెట్టినా పొడవలేకపోయాడు, ఇది కూడా మా అమ్మ కూరిందే కదా అన్నాడు. మళ్ళీ తిప్పారు. హవల్దారు కంట్రాక్టరు గారితో చెప్పి పంపించిన మాట ఇదీ: ఇంకో నెలలో వీళ్ళని అస్సాం వైపు పంపేస్తారు, ఇట్లా చెయ్యి ఆగిపోయేవాడు అక్కడ మొదటి రోజే పోతాడు, ఇంట్లోవాళ్ళకి తెలియాలని చెబుతున్నాను.

నేను గోడకి తల కొట్టుకుని ఏడ్చాను. అమ్మ నన్ను తిట్టలేదు. నాన్న మాత్రం, పోనీలే, ఆ కత్తి ఎందుకూ పనికిరానిదే, తుపాకీ కాల్చడం వచ్చుగా వాడికి అన్నాడు. అమ్మ అప్పుడు నాన్న వంక చూసిన చూపు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. ఒక్కసారి పనికొస్తే చాలు కదండీ, ఆ ఒక్కసారి వీడికి చేతకాకపోతే ఏం చేద్దాం అంది.

కంట్రాక్టరు గారు ఎవర్నో బతిమాలి అన్నయ్యకి రెండు రోజులు సెలవిప్పించారు. వాడొచ్చేసరికి పెదాలు పగిలి, మెడ మీద తోలు ఊడిపోయి ఉంది. అమ్మ వాడికి నూనె రాసి తలంటిపోసి, అన్నం పెట్టి, చెయ్యి కడుక్కోగానే పెరట్లోకి తీసుకెళ్ళింది. అక్కడ పశువుల సావిడి దూలానికి ఒక గడ్డిమనిషిని వేలాడగట్టి ఉంచింది. తుపాకీ ఎంత బరువుంటుందిరా అని అడిగి, దాదాపు అంత బరువుండే గునపం తెచ్చి వాడి చేతిలో పెట్టింది. నాన్న చూడలేక కండువా భుజాన వేసుకుని కాలవగట్టుకి వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా వాడి వల్ల కాలేదు. పరుగెత్తుకొస్తాడు, దగ్గరికి రాగానే భుజం సడలిపోతుంది, గునపం మొన గోనెకి తగిలి జారిపోతుంది. అమ్మ అరిచింది, బతిమాలింది, ఒట్టు పెట్టుకుంది. పొడవరా, నా తండ్రీ, పొడవరా అంటూ ఆవిడ ఏడుస్తుంటే వాడూ ఏడ్చాడు. తల్లి కొడుకుని అన్నం తినమని బతిమాలడం చూశాం గానీ, ఇందుకోసం బతిమాలడం ఎక్కడైనా చూశామా చెప్పండి.

రెండో రోజు పొద్దున్నే అమ్మకి తోచింది ఆ ఉపాయం. మాకు చిన్నప్పుడు మగ్గం నేర్పింది అమ్మే. గుంటలో దిగి కూర్చున్నాక, కాలితో తొక్కాలి, చేత్తో పోగున్న నాడె విసరాలి, పోగు బిగిసేలా పలక ఒంటి మీదికి లాగాలి. తొక్కు, విసురు, లాగు. ఈ మూడు మాటలూ అమ్మ వెనక కూర్చుని అంటూ ఉంటుంది, మేం చేస్తూ ఉంటాం. పది రోజులయ్యేసరికి తలకాయతో పని ఉండదు, కాలూ చెయ్యీ వాటంతటవే పోతాయి. చెయ్యి ఆలోచించిందంటే పోగు తెగుతుందర్రా అనేది. అన్నయ్యకి ఆ విద్య రక్తంలో ఉంది. అమ్మ గడ్డిమనిషికి వీపు పెట్టి, కండెల రాట్నం ముందేసుకుని కూర్చుంది. చూడలేకే అటు తిరిగిందని నాకు తెలుసు. అటు తిరిగి, దారం లేని రాట్నం ఊరికే తిప్పుతూ మొదలుపెట్టింది, తొక్కు, విసురు, లాగు. తొక్కు అంటే ముందుకొక అడుగు. విసురు అంటే పోటు. లాగు అంటే వెనక్కి.

మొదటి నాలుగైదుసార్లు తడబడ్డాడు. ఆ తరవాత, ఏం చెప్పమంటారు, మగ్గం ఆడినట్టే ఆడాడు. మొన సరిగ్గా గుండ్రంలో దిగడం, అంతే వేగంగా బయటికి రావడం. వాడి కళ్ళు ఆ బొమ్మ మీద లేవు, ఎటో ఉన్నాయి. గోనె చినిగి గడ్డి బయటికొస్తే నేను పరుగెత్తుకెళ్ళి లోపలికి కూరి కుట్టేదాన్ని, మళ్ళీ పక్కకి తప్పుకునేదాన్ని. అట్లా ఎన్నిసార్లు కుట్టానో నాకే తెలియదు. పొద్దు వాలేవేళకి అమ్మ మాట్లాడటం మానేసినా వాడి చెయ్యి ఆగలేదు. అప్పుడు అమ్మ లేచి, వెనక నుంచి వాడి భుజం పట్టుకుని, చాల్లే నాన్నా, వచ్చేసింది అంది. వాడు గునపం కింద పెట్టి వెళ్ళి నూతి దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు.

క్యాంపులో హవల్దారు మెచ్చుకున్నాడని కబురొచ్చింది. నెల తిరక్కుండా రైలెక్కించారు. రెండేళ్ళ పైచిలుకు వాడి జాడ కార్డు ముక్కల మీదే తెలిసింది, అందులోనూ సగం మాటలు నల్ల సిరాతో కొట్టేసి ఉండేవి. పోస్టు జవాను వీధి మలుపు తిరుగుతుంటే అమ్మ లోపలికి పోయి దేవుడి మూల ఎదుట కూర్చునేది, ఎవరో వెళ్ళి, కార్డేనమ్మా, టెలిగ్రాం కాదు అంటేనే లేచేది.

యుద్ధం అయిపోయాక వాడు వచ్చాడు. మలేరియా మాత్రలు మింగి మింగి ఒళ్ళంతా పచ్చగా, కాబూలీ వాళ్ళలా గడ్డం పెంచి, గుమ్మంలో నిలబడితే నాన్న గుర్తుపట్టక ఎవరు కావాలండీ అన్నాడు. అమ్మ అన్నం పెట్టింది, పక్కన కూర్చుని విసురుతూ వాడు నాలుగు ముద్దలు తినేదాకా ఆగింది. ఆగి, మేమెవ్వరం అడగలేని మాట అడిగింది. మనం నేర్చుకున్నది పనికొచ్చిందా నాన్నా అంది. వాడు తల ఎత్తకుండానే, పనికొచ్చిందమ్మా, అది లేకపోతే నేను లేను అన్నాడు. అమ్మ విసనకర్ర కింద పెట్టేసి వాడి విస్తట్లో ఇంకాస్త అన్నం వడ్డించింది. నాన్నకి మాత్రం తన వాదం ఓడిపోయినందుకు పట్టరాని సంతోషం, వీధంతా తిరిగి చెప్పుకున్నాడు.

తరవాత నూలు దొరికింది, నాన్న పడుగు వేయించి మగ్గం సిద్ధం చేశాడు. అన్నయ్య గుంటలో దిగాడు. కాలు తొక్కుడు చెక్క మీద పెట్టాడు, చెయ్యి నాడె మీద వేశాడు, అంతే, చెమటలు పట్టి పైకి వచ్చేశాడు. మోకాలి నొప్పన్నాడు. ఇంకెప్పుడూ దిగలేదు. బెజవాడలో బట్టల కొట్లో గుమాస్తాగా చేరి, ఇంకొకరు నేసిన చీరలు మడతలు పెడుతూ నలభై ఏళ్ళు గడిపేశాడు. అంతటి పనివాడు ఇట్లా అయిపోయాడేమని నాన్న పోయేదాకా సణుగుతూనే ఉన్నాడు. ఆ మోకాలికి ఏ రోగమూ లేదని నాకు తెలుసు, ఎందుకో మాత్రం అప్పటికి తెలియలేదు.

అమ్మ ఒక పని మొదలుపెట్టింది. ఏటా మహాలయ అమావాస్యనాడు పంతులుగారికి మా పెద్దల పేర్లతో స్వయంపాకం ఇస్తాం కదా, దాంతోపాటు ఇంకొక విస్తరిలో వేరుగా బియ్యం, పప్పు, అరటికాయలు, కందముక్క పెట్టి ఇచ్చేది. ఇదెవరి పేరమ్మా అని పంతులుగారు అడిగితే, నా కొడుకుని చంపబోయి వాడి చేతిలో పోయిన ఎవరో తల్లి కొడుక్కండీ అనేది. పేరేమిటి, గోత్రమేమిటి అని ఆయన మొదటేడు గింజుకున్నారు గానీ, ఆ తరవాత ఆయనే ఏదో మంత్రం సర్దుకుని చదివేసేవారు. ఆ రోజు మాత్రం అన్నయ్య ఇంట్లో ఉండేవాడు కాదు.

అమ్మ పోయిన ఏడు, మహాలయానికి నాలుగు రోజుల ముందు, ఆ విస్తరి ఇంక నేను పెట్టనా అని అన్నయ్యని అడిగాను. అప్పుడు చెప్పాడు. వానల్లో ఒక వెదురుపొదల ఊళ్ళో జపానువాళ్ళు ఖాళీ చేసి పోయారని తెలిసి గుడిసెలు వెతుకుతున్నారట. ఒక పొద వెనక నుంచి ఒకడు లేచాడట, జ్వరంతో నిలబడలేని మనిషి, రెండు చేతులూ పైకెత్తి. చేతుల్లో ఏమీ లేదట. నాకు కనిపించిందే, చేతులెత్తాడని నాకు కనిపించిందే, కానీ తలకాయ అనుకునేలోపలే కాలు తొక్కింది, చెయ్యి విసిరింది, లాగేసింది కూడా అన్నాడు. ఆ జపానువాడి నడుముకి ఒక తెల్లగుడ్డ చుట్టి ఉందట, దాని నిండా ఎర్రదారంతో వేసిన చిన్న చిన్న ముడులు. యుద్ధానికి పోయేవాడికి ఊళ్ళో ఆడవాళ్ళు తలా ఒక ముడి వేసి రక్షగా కట్టి పంపుతారని తరవాత ఎవరో చెప్పారట. నేతవాడి కళ్ళు గదా, ఆ సమయంలోనూ చూశాయి, ముడి ముడికీ చెయ్యి మారింది, ఎంతమంది ఆడవాళ్ళు కూర్చుని వేశారో అన్నాడు. పక్కవాళ్ళు భుజం తట్టారట.

మరి అమ్మకి అట్లా ఎందుకు చెప్పావన్నయ్యా అన్నాను. పనికిరాలేదంటే ఆవిడ రెండు రోజుల ఏడుపు వృథా. నిజం చెబితే ఆవిడ నేర్పిన చెయ్యే చంపిందనుకుంటుంది. ఇంకేం చెప్పను అన్నాడు. ఆ తరవాత తనే, విస్తరి మానకు, అమ్మ పంతులుగారితో అనే మాటలో చంపబోయి అన్న ముక్క మాత్రం అనకు అన్నాడు. మళ్ళీ ఎన్నడూ ఆ ప్రసక్తి తేలేదు. వాడు పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

ఇప్పుడు మా వీధిలో మగ్గం లేదు, వీధే లేదు, అపార్టుమెంట్లు లేచాయి. కొత్త పంతులుగారు కుర్రవాడు, మంచివాడే, ఇంటికి వచ్చే తీరిక లేదు, గోత్రనామాలు ఫోన్లో పంపించమంటాడు. కోడలు ఫోను పట్టుకుని నా పక్కన కూర్చుని వరసగా కొడుతుంది, మామగారు, వాళ్ళ నాన్నగారు, మా అమ్మ, నాన్న, అన్నయ్య. ఆఖరున, ఈ ఒక్కరికీ పేరేం పెట్టమంటారత్తయ్యా అని అడుగుతుంది. కొడుకు అని పెట్టమ్మా అంటాను. నాకు పుట్టి దక్కని బిడ్డ ఎవరో ఉన్నారనుకుంటుంది కాబోలు, ఎవరి కొడుకని అడగదు, నొచ్చుకుంటానని జాలిపడి కొట్టేస్తుంది. ఆ రోజుల్లో అయితే ఎవరమ్మా, ఏమిటమ్మా అని వీధిలో నలుగురూ మీదపడి అడిగేవాళ్ళు. అట్లా అడిగి ఉంటే, ఏదో ఒక ఏడు చెప్పేసి ఉండేదాన్నేమో.